జీతాల పట్టికలో ఉన్న మనుషులు ఎక్కడ? అత్యవసర విదేశీ సాయం – తనిఖీ, జవాబుదారీతనం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక అంకెతో మొదలుపెడతాను. 2003–04లో ఇరాక్‌ను అమెరికా నడిపిన తాత్కాలిక పాలనాయంత్రాంగం పాలిస్తున్న రోజుల్లో, ఒక మంత్రిత్వ శాఖ కాపలాదారుల జీతాల పట్టికలో 8,206 పేర్లు ఉన్నాయి. వాళ్లలో నిజంగా ఉన్నారని నిర్ధారించగలిగింది 602 మందిని. మిగిలిన ఏడు వేల ఆరు వందల పైచిలుకు పేర్ల వెనక మనుషులున్నారో లేరో చెప్పే కాగితం ఏదీ దొరకలేదు. జీతాల డబ్బు మాత్రం ఎప్పటికప్పుడు విడుదలైంది.

మన దగ్గర ఉపాధి హామీ పనులు చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. దొంగ మస్టరు అంటే చాలు, అర్థమైపోతుంది. తేడా ఏమిటంటే ఆ పట్టికల వెనక ఉన్న మొత్తం వందల కోట్ల డాలర్లు.

ఆ డబ్బు ఎవరిదో ముందు చూడాలి. 2003 మే 22న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1483వ తీర్మానం చేసింది. దాని కింద ఇరాక్ అభివృద్ధి నిధి ఏర్పడింది. ఇరాక్ అమ్మే చమురు డబ్బులో 95 శాతం ఈ నిధికి, 5 శాతం కువైట్ యుద్ధ నష్టపరిహారానికి. ఖాతా న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకులో. డబ్బు ఇరాక్ ప్రజలది, సంతకం పెట్టే అధికారం మాత్రం పాల్ బ్రెమర్ నాయకత్వంలోని ఆ తాత్కాలిక యంత్రాంగానిది. సొంతదారు ఒకరు, ఖర్చుపెట్టేవారు ఇంకొకరు అయినప్పుడు మూడో మనిషి కాపలా ఉండాలి. అది తీర్మానం రాసినవాళ్లకూ తెలుసు. అందుకే ఐక్యరాజ్యసమితి, ఐఎంఎఫ్, ప్రపంచ బ్యాంకు, అరబ్ ఆర్థిక సామాజికాభివృద్ధి నిధి, ఈ నాలుగింటి ప్రతినిధులతో ఒక అంతర్జాతీయ సలహా, పర్యవేక్షణ మండలిని అందులోనే పెట్టారు.

కాగితం మీద ఏర్పాటు చక్కగానే ఉంది. కానీ తీర్మానం మేలో అయితే ఆ మండలి తొలిసారి కూర్చున్నది డిసెంబరులో. బయటి ఆడిటర్లు వచ్చింది 2004లో. అదే ఏడాది జూన్ 28న తాత్కాలిక పాలన ముగిసిపోయింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మన పెద్దలు అంటారే, దాదాపు అంత వ్యవధి. ఈ మధ్యలో న్యూయార్క్ నుంచి బాగ్దాద్‌కు సుమారు 1,200 కోట్ల డాలర్ల నగదు విమానాల్లో వెళ్లింది. బరువు 363 టన్నులు. అధికారం అప్పగించడానికి ఆరు రోజుల ముందు, జూన్ 22న, ఒక్క విడతలోనే 240 కోట్ల డాలర్లు వెళ్లాయి.

2005 జనవరి 30న ఇరాక్ పునర్నిర్మాణ ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ స్టూవర్ట్ బోవెన్ నివేదిక వచ్చింది. ఇరాక్ మంత్రిత్వ శాఖలకు బడ్జెట్ ద్వారా ఇచ్చిన 880 కోట్ల డాలర్లు అనుకున్న పనికే ఖర్చయ్యాయన్న భరోసా లేదని అందులో తేల్చారు. దీన్ని చాలామంది '880 కోట్లు మాయం' అని రాశారు. నివేదిక అలా అనలేదు. దొంగిలించారని తేలడం వేరు, దొంగిలించారో లేదో చెప్పే స్థితిలోనే లేకపోవడం వేరు. నా దృష్టిలో రెండోదే పెద్ద తప్పు. దొంగతనం బయటపడితే ఒక కేసు పెట్టొచ్చు. లెక్కే లేకపోతే దొంగను పట్టుకోవడం ఎలాగూ కుదరదు, నిజాయితీగా పనిచేసినవాడు కూడా తన నిజాయితీని నిరూపించుకోలేడు.

బ్రెమర్ జవాబు కూడా వినాలి. యుద్ధం నడుస్తుండగా పాశ్చాత్య దేశాల లెక్కల పద్ధతులు రాత్రికి రాత్రి అమలు చేయడం కుదరదు, జీతాలు ఆపితే దేశం భగ్గుమంటుంది అన్నది ఆయన వాదన. ఇందులో సగం నిజముంది. నెలల తరబడి జీతం అందని పోలీసును, ఉపాధ్యాయుణ్ణి మీ పేరు సరిచూసేదాకా ఆగండి అనలేం. కానీ అక్కడ కొరవడింది పెద్ద కంప్యూటర్ వ్యవస్థ కాదు. ఏ ఊళ్లో ఏ కార్యాలయానికి ఎంతమంది కాపలాదారులో ఒక జాబితా, నగదు ఇచ్చేవాడు ఒకడు పుచ్చుకునేవాడు ఇంకొకడుగా ఇద్దరి సంతకాలున్న రిజిస్టరు, సాయంత్రం పెట్టె మూసేముందు మిగులు లెక్కపెట్టడం – ఇవి తాలూకా కచేరీల కాలం నుంచీ ఉన్న పద్ధతులు. ఇవి లేకపోవడం వల్లే దక్షిణ మధ్య ఇరాక్‌లో, హిల్లా కేంద్రంగా పంచిన నగదులో 9.66 కోట్ల డాలర్లకు సరైన లెక్క దొరకలేదు. అక్కడ నగదు వ్యవహారాలు చూసిన అధికారికి అంతకుముందే సొంత దేశంలో మోసం కేసులో శిక్ష పడింది. నియామకానికి ముందు పాత చరిత్ర చూడటమనే చిన్న మెట్టు దాటేశారు. తరువాత అతను నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు.

ఇక్కడి నుంచి అసలు విషయానికి వస్తాను. అత్యవసర సాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న 'ఆడిట్ ఎవరు చేస్తారు' అన్నది కాదు, 'డబ్బు ఏ క్షణంలో చేయి మారుతుంది' అన్నది. సరిచూడకముందే చేయి మారితే ఆడిటర్ రాసేది పోస్ట్‌మార్టం నివేదిక. సరిచూశాక మారితే ఆ చెల్లింపు పద్ధతే కాపలా అవుతుంది. 'ముందు మీరు ఖర్చు చేయండి, ఆధారాలు చూపండి, తరువాత మేం ఇస్తాం' అన్న రీయింబర్స్‌మెంట్ పద్ధతి మీద నాకు నమ్మకం ఉన్నది అందుకే. దాని లోపాలూ చెబుతాను, అవి చిన్నవేమీ కావు.

ఆ పద్ధతిని ఇరాక్ కన్నా ముందే, 2002లో, అఫ్ఘానిస్థాన్ పునర్నిర్మాణ ట్రస్ట్ నిధిలో పెట్టారు. నిర్వహణ ప్రపంచ బ్యాంకుది. అప్పటి ప్రభుత్వం తన సైనికేతర జీతాలు, రోజువారీ ఖర్చులు ముందు చెల్లించేది. నిధి నియమించిన బయటి తనిఖీ సంస్థ ఆ బిల్లులను చూసి ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అని విడదీసేది. చెల్లేదానికే నిధి నుంచి డబ్బు వచ్చేది. తిరస్కరించిన బిల్లు భారం ప్రభుత్వం మీదే పడేది కాబట్టి, మరుసటి ఏడాది బిల్లు సరిగ్గా రాయాలన్న ఒత్తిడి ఆర్థిక శాఖలోనే పుట్టేది. బయటివాడు తిట్టి తెప్పించలేని క్రమశిక్షణ ఇది.

ఇదే నమూనా పెద్ద ఎత్తున ఉక్రెయిన్‌లో అమలైంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా పూర్తి స్థాయి దాడి మొదలయ్యాక, కొద్ది నెలల్లోనే ప్రపంచ బ్యాంకు 'పీస్' అనే పథకం తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, అగ్నిమాపక దళాలు, తరువాత పింఛన్లు, ఇళ్లు వదిలి వచ్చినవారి భృతి దీని కిందికి వచ్చాయి. సైన్యం ఖర్చు మాత్రం ఇందులో చెల్లదు. అమెరికా నేరుగా ఉక్రెయిన్ బడ్జెట్‌కు ఇచ్చిన సాయంలో అత్యధిక భాగం ఈ దారినే వెళ్లింది. 2023 చివరికే ఆ సాయం సుమారు 2,290 కోట్ల డాలర్లు.

నెల నెలా జరిగే పని ఇలా ఉంటుంది. పాఠశాల తన సిబ్బందికి జీతం బిల్లు పెడుతుంది. ఖజానా ఆ జీతాలను బ్యాంకు ఖాతాల్లో వేస్తుంది. విద్యాశాఖ ఎంతమందికి, ఎంత మొత్తం అన్న నివేదికను ఆర్థిక శాఖకు పంపుతుంది. ఆర్థిక శాఖ దాన్ని ఖజానా లెక్కతో పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెండూ కలిస్తేనే ప్రపంచ బ్యాంకుకు అభ్యర్థన వెళుతుంది. బ్యాంకు చూసి డబ్బు పంపుతుంది. దీనిపైన రెండు బయటి కళ్లు పెట్టారు. నమూనాగా కొన్ని చెల్లింపులను ఎంచి మూలం దాకా వెళ్లి చూసే ఆడిట్ సంస్థ ఒకటి. ఉక్రెయిన్ శాఖలు ఈ నివేదికలను ఎలా తయారుచేస్తున్నాయో చూడటానికి అప్పటి అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ పెట్టుకున్న డెలాయిట్ అనే ఆడిట్, సలహా సంస్థ రెండోది.

మూలం దాకా వెళ్లడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పని అంతా అక్కడే ఉంది. ఒక జీతం నిజమని తేల్చాలంటే వేర్వేరు చేతుల్లో తయారైన మూడు కాగితాలు కలవాలి. నియామక ఉత్తర్వు ఉన్న ఉద్యోగుల రిజిస్టరు ఒకటి, హాజరు రెండోది, బ్యాంకు చెల్లింపు మూడోది. మూడూ ఒకే గుమాస్తా రాస్తే అవి మూడు కావు, ఒకటే. పన్ను కోత వివరాలు దొరికితే నాలుగో సాక్ష్యం. నమూనా ఎంచుకునేటప్పుడు పేరు నుంచి మనిషి దగ్గరికి వెళ్లడంతో ఆగకూడదు. బడిలో కనిపించిన మనిషి నుంచి పట్టిక వైపు కూడా రావాలి. మొదటి దారిలో బోగస్ పేర్లు దొరుకుతాయి. రెండో దారిలో, పనిచేస్తున్నా జీతం అందనివాళ్లు దొరుకుతారు. చాలా తనిఖీలు మొదటి దారితోనే సరిపెట్టేస్తాయి. అది దాత డబ్బును కాపాడుతుంది గానీ, ఆ డబ్బు ఎవరి కోసమో వాళ్లను కాపాడదు.

యుద్ధంలో ఈ పని ఎక్కడ చెడుతుంది? ఆక్రమణలో ఉన్న జిల్లాల రికార్డులు చేతికి రావు. బడులు ఆన్‌లైన్‌లో నడిస్తే హాజరు అన్న మాటకే అర్థం మారిపోతుంది. పింఛనుదారు చనిపోయిన సమాచారం నెలల తరువాత వస్తుంది. ఇల్లు వదిలిన కుటుంబం ఒక జిల్లాలో నమోదై, విదేశానికి వెళ్లాక కూడా పేరు అలాగే ఉండిపోతుంది. భద్రతా కారణాలతో తనిఖీదారులు ముందు వరుసకు దగ్గరి ఊళ్లకు వెళ్లలేరు, అంటే ప్రమాదం ఎక్కువ ఉన్నచోటే నమూనా పలచబడుతుంది. ఇక దాతలు ఎక్కువైనప్పుడు వచ్చే చిక్కు ఒకటుంది: ఒకే నర్సు జీతాన్ని ఇద్దరు దాతల దగ్గర బిల్లు పెట్టడం. అడ్డుకోవడానికి దారి ఒక్కటే, ఏ నెల ఏ పద్దు ఏ దాతకు చూపారన్నది ఒకే పుస్తకంలో ఉండాలి. దాతలందరి డబ్బూ ఒకే పథకం గుండా వెళ్లడంలో ఉన్న పెద్ద లాభం ఇదే.

ఇప్పుడు ఈ పద్ధతి అసలు బలహీనత. ఉపాధ్యాయుడి జీతం బయటివాడు ఇస్తే, ఆ జీతానికని ఉంచుకున్న సొంత పన్నుల డబ్బు చేతిలో మిగులుతుంది. అది ఎక్కడికి వెళుతుంది? ఉక్రెయిన్ విషయంలో దాపరికం లేదు, సొంత ఆదాయాన్ని సైన్యానికి వాడతామని చెప్పే చేశారు. సాయం ఇచ్చినవాళ్లకూ అది సమ్మతమే. కానీ తనిఖీ వైపు నుంచి చూస్తే దీని అర్థం వేరు. జీతాల పద్దు అద్దంలా ఉన్నా, అసలు ప్రమాదం పక్క పద్దులోకి మారిపోయింది. జీతాల ఆడిట్ నివేదిక శుభ్రంగా వచ్చిందంటే మొత్తం బడ్జెట్ శుభ్రంగా ఉందని కాదు.

2023 జనవరిలో ఇది కళ్లకు కట్టింది. ఉక్రెయిన్ రక్షణ శాఖ సైనికుల భోజనానికి గుడ్డు ఒక్కటి 17 హ్రివ్నియాలకు ఒప్పందం చేసుకుందని అక్కడి పత్రిక బయటపెట్టింది. దుకాణంలో ధర అందులో సగం కూడా లేదు. ఆ పద్దు ఏ దాత జీతాల తనిఖీలోకీ రాదు. ఉప మంత్రి రాజీనామా చేశారు. పట్టుకున్నది విదేశీ ఆడిటర్ కాదు, స్థానిక విలేకరి. గుడ్డు ధర ఎంతో తెలిసినవాడు అతనే కదా.

అందుకే తరువాత వచ్చిన యూరోపియన్ యూనియన్ పథకం వేరే దారి పట్టింది. 2024 నుంచి 2027 వరకు 5,000 కోట్ల యూరోల నిధి. ఇక్కడ బిల్లులు చూడరు, సంస్కరణలు చూస్తారు. మూడు నెలలకోసారి ఫలానా చట్టం, ఫలానా నియామకం అయిందా లేదా అన్నది లెక్క. 2025 వేసవిలో నాలుగో విడతకు 16 మెట్లు దాటాల్సి ఉండగా 13 దాటారు. 450 కోట్ల యూరోలకు బదులు 305 కోట్లే ఇవ్వాలని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది. మొత్తం ఆపేయలేదు, కొరవకు తగ్గట్టు కోత పెట్టారు. ఇది మంచి రూపకల్పన. అంతా లేదా ఏమీ లేదు అన్న బెదిరింపును యుద్ధంలో ఉన్న దేశం మీద ఎవరూ అమలు చేయలేరు, ఆ సంగతి ఇరుపక్షాలకూ తెలుసు. అమలు చేయగలిగిన చిన్న శిక్షకే విలువ. అదే ఏడాది జులైలో ఉక్రెయిన్‌లో అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను తగ్గిస్తూ 22న చట్టం చేశారు. ప్రజలు వీధుల్లోకి వచ్చారు, యూరప్ నుంచీ ఒత్తిడి వచ్చింది, 31న ఆ స్వతంత్రతను తిరిగి ఇచ్చారు. తొమ్మిది రోజులు.

సభలోంచి ఒకరు చీటీ పంపారు. ఖజానాలో పైసా లేని దేశం 'ముందు ఖర్చు' ఎలా చేస్తుంది అని అడిగారు. సరైన ప్రశ్న. చేయలేదు. అందుకే మొదటి విడత ముందస్తుగానే ఇవ్వాలి. ముందస్తు చిన్నదిగా ఉండాలి, ఒకటి రెండు నెలల జీతాలకు సరిపడా. రెండో విడత మొదటిదాని లెక్కతో ముడిపడాలి. ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని రాసిచ్చే కాగితాన్ని మన కార్యాలయాల్లో యుటిలైజేషన్ సర్టిఫికెట్ అంటాం కదా, అదే సూత్రం. అది ఎలా చెడుతుందో కూడా మనకు తెలుసు. మార్చి నెలాఖరుకు సంతకం పెట్టి పంపే ఒక్క పేజీ కాగితంగా మారితే అది లెక్క కాదు. ఖర్చయింది అని రాయడం కాదు, ఏ ఖాతాలో ఏ తేదీన పడిందో జాబితా జతచేయాలి.

నగదే పంపకుండా సరుకు పంపే పద్ధతి ఇంకొకటి ఉంది. 2022లో శ్రీలంక సంక్షోభంలో భారత్ చేసింది అది. ఫిబ్రవరిలో ఇంధనానికి మన ఎగుమతి దిగుమతి బ్యాంకు (ఎగ్జిమ్) ద్వారా 50 కోట్ల డాలర్లు, మార్చి 17న ఆహారం, మందులు, ఇతర నిత్యావసరాలకు స్టేట్ బ్యాంకు ద్వారా 100 కోట్ల డాలర్ల రుణ సదుపాయం. ఇలాంటి రుణంలో డబ్బు అక్కడి ఖజానాకు వెళ్లదు. ఓడ ఎక్కిన సరుకు కాగితాలు చూసి ఇక్కడి ఎగుమతిదారుకు ఇక్కడి బ్యాంకే చెల్లిస్తుంది. విమానాల్లో నోట్లు వెళ్లే బెడద లేదు. అయితే ప్రమాదం పోదు, చోటు మార్చుకుంటుంది. ఇన్‌వాయిసు ధర మార్కెట్ ధరేనా, ఒప్పందంలో రాసిన రకం బియ్యమే బస్తాలోకి వెళ్లిందా, రేవులో దిగిన సరుకు ఏ గోదాములో ఎన్నాళ్లు ఆగింది, ఏ జిల్లాకు ఎంత చేరింది – చూడాల్సినవి ఇవి. పైగా ఇది అప్పు, తీర్చాల్సింది శ్రీలంక ప్రజలు. బస్తాలో రాళ్లుంటే నష్టం వాళ్లదే.

తనిఖీదారు ఎవరికి జవాబు చెబుతాడన్నది ఇంకా మాట్లాడలేదు. బోవెన్ కార్యాలయం పనిచేయగలిగిందంటే కారణం, అది చట్టంతో పుట్టింది, మూడు నెలలకోసారి అమెరికన్ కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చింది, ఆ నివేదికలు జనం ముందుకు వచ్చాయి. దీనికి విరుద్ధమైన ఉదాహరణ 2025 ఫిబ్రవరిది. యూఎస్‌ఎయిడ్ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 10వ తేదీన ఒక నివేదిక ఇచ్చింది. సిబ్బందిని పక్కనపెట్టడం వల్ల ఇంకా ఖర్చుకాని 820 కోట్ల డాలర్ల మానవతా సాయంపై నిఘా పెట్టే శక్తి బాగా తగ్గిపోయిందని హెచ్చరించింది. 11వ తేదీన ఇన్‌స్పెక్టర్ జనరల్‌ను తొలగించారు. లోపం చెప్పిన మర్నాడే పదవి పోయే చోట, ఎంత మంచి ఫారాలు, ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా తనిఖీ సాగదు.

చివరగా అఫ్ఘానిస్థాన్‌లోని వర్దక్ ప్రాంతం. 2009లో అక్కడ 53 మంది పోలీసులకు జీతం నగదుగా కాకుండా మొబైల్ ఫోను ద్వారా ఇచ్చి చూశారు. తమకు జీతం పెరిగిందని వాళ్లు అనుకున్నారు. పెరగలేదు. అంతకుముందు పైఅధికారులు పంచేటప్పుడు మూడోవంతు దాకా మధ్యలో ఆగిపోయేది, ఇప్పుడు మొత్తం చేతికొచ్చింది. పట్టికల్లో ఉండి, నిజానికి లేని మనుషుల పేర్లు కూడా అప్పుడే బయటపడ్డాయి. అయితే వాటా పోయిన ఒక కమాండర్ ఏం చేశాడంటే, తన కింది పోలీసుల ఫోన్లు, పిన్ నంబర్లు తెచ్చివ్వమని చెప్పి, వాళ్ల జీతాలు తానే తీసుకోవడానికి ప్రయత్నించాడు.

ఈ సంగతి మన పల్లెల్లో ఎవరికి చెప్పినా, ఇంకొకరి చేతిలో ఉండిపోయిన ఉపాధి హామీ జాబ్ కార్డు వెంటనే గుర్తొస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీకి సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికంటూ ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. తనిఖీ బృందం మండలంలో మస్టర్లు తీసుకుని ఇంటింటికీ వెళ్లి, ఈ వారం పనికి వెళ్లావా, ఎంత వచ్చింది అని అడుగుతుంది. గ్రామసభలో పేర్లు బయటికి చదువుతుంది. తరువాత మండలంలో ప్రజావేదిక. బయటపడిన సొమ్ములో తిరిగి వసూలయ్యేది కొంతే, ఆ కొరత అలాగే ఉంది. కానీ ఆ బృందం ఇంటి గుమ్మంలో తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కీవ్ నుంచి కాబూల్ దాకా తనిఖీకి వెళ్లే ప్రతివాళ్లూ జీతాల పట్టిక తెరిచే ముందే ఆ ప్రశ్న అడగాలని నా కోరిక: 'నీ కార్డు, పాసుపుస్తకం నీ దగ్గరే ఉన్నాయా? ఒకసారి చూపిస్తావా?'